గడప మీద ఆరు చుక్కలు

ఐదో వయసు, ఆరో దినం

మూడో వరస, తిప్పమ్మ గారి పురుగుల ఇల్లు. పట్టుపురుగులు ఇరవై వేలు. మల్బరీ ఆకు నాలుగు పూటలా వేశాము. గడప మీద చుక్కలు ఆరు. నియమం ప్రకారం ఈ పొద్దున నీలం దీపం వెలిగించాము. ఎల్లుండి పురుగులు తెర అల్లడానికి చట్రం ఎక్కుతాయి. ఎర్రగాలికి ఇంకా పద్నాలుగు రోజులు ఉంది.

రాసినది: సుంకులమ్మ, తిప్పమ్మ గారి కోడలు. చదువు ఐదో తరగతి.

అదే దినం, వెనక పేజీ

ముందు పేజీలు అందరూ వినడానికి. పురుగు గుడ్లు పంచే గుడ్ల కేంద్రం నుంచి ఖాజాబీ ఈ రోజు పొద్దున్నే ఈ పుస్తకం ఇచ్చి వెళ్ళింది. ఈ ఏటి నుంచి ప్రతి పురుగుల ఇంట్లోనూ పుస్తకం రాయాలట. పై గాలి దిగే గాలిబావికి, ఎర్రగాలి దుమ్ము ఆపే తెర ఎత్తే రోజు, రాసినవాళ్ళే బావి దగ్గర నిలబడి వరసంతా వినేలా చదవాలట. నలుగురి ముందు నోరు విప్పడం నాకు చేతకాదు. అందుకే ముందు పేజీలో నాలుగు ముక్కలు రాసి ఊరుకున్నాను. మిగిలింది పుస్తకం తిరగేసి ఇక్కడ రాసుకుంటున్నాను. ఇక్కడ ఎవరూ చూడరు.

దీపం వెలిగించే ముందు అత్త ఒక పురుగును అరచేతిలోకి తీసుకుంది. ఆమె కళ్ళకు పొరలు కమ్మి రెండేళ్ళయింది. అన్నీ చేత్తోనే చూస్తుంది. బొటనవేలితో పురుగు మెడ కింద నిమిరి మొహం చిట్లించింది.

“ఇది ఇంగా గట్టిగా ఉందే నాయనా. నా చేతికి ఇంగా రెండు దినాలు పట్టేట్టు తెలుస్తాంది.”

మా ఆయన పది రోజులు సొరంగం తవ్వే పనికి పోయి అప్పుడే ఇంటికి వచ్చాడు. ఒంటి నిండా రాతిపొడి. “మరి గడప ఏం చెప్తాందో చూడుమా,” అన్నాడు.

అత్త వంగి గడప తడిమింది. సున్నం చుక్కలు ఎండాక కొంచెం ఉబ్బెత్తుగా ఉంటాయి. వేలు ఒక్కొక్కదాని మీదే ఆపి లెక్కపెట్టింది. “ఆరుండాయి,” అంది. ఇంకోసారి తడిమింది. తర్వాత నవ్వింది. “చెయ్యి ముసల్దైపాయ ఎర్రిస్వామీ. గడప ఎందుకు అబద్ధం చెప్తాది? వెలిగించు.”

నేను ఆకుల బుట్ట పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాను.

ఐదో వయసు, ఏడో దినం, వెనక పేజీ

ఏడో దినం అని రాశాను గాని ఇది ఐదో దినం.

మా పుట్టిల్లు ఒకటో వరస. అక్కడ పురుగుల ఇళ్ళు లేవు, అందరం ఆకుతోటల్లో దీపాల కింద పని చేసేవాళ్ళం. పొద్దున లేవగానే గడప కడిగి ముగ్గు పెట్టడం మాకు చిన్నప్పటి నుంచి అలవాటు. ఇక్కడికి కాపురానికి వచ్చి రెండు నెలలు. వచ్చిన రోజే అత్త చెప్పింది: “అన్నీ నీవే మే. గడప జోలికి మాత్రం పోవద్దు.” పురుగులు చర్మం మార్చుకునే జ్వరం నుంచి లేచి కొత్త వయసులో పడిన రోజు అత్త గడప మీద ఒక చుక్క పెడుతుంది. తర్వాత రోజుకొకటి. ఐదో వయసులో ఆరు చుక్కలయిన పొద్దున దీపం వెలిగిస్తారు. ఈ క్వారీ తవ్వకాల్లో జనం చేరినప్పటి నుంచి అదే లెక్క. నేల కిందికి సూర్యుడు రాడు కాబట్టి దినాలు గడప మీదే ఉంటాయి.

నిన్న పొద్దున చుక్క పెట్టి వచ్చి, మోకాలి వాపుతో అత్త మళ్ళీ పడుకుంది. నేను ఆమె మెచ్చుకోవాలని ఇల్లంతా ఊడ్చాను. చేతిలో చెంబు ఉంది. చెయ్యి దానంతట అదే గడప కడిగేసింది. నీళ్ళు తెల్లగా పారాక గాని తెలియలేదు.

లోపలికి పోయి “అత్తా, ఎన్ని చుక్కలు ఉన్నాయి?” అని ఒక్క మాట అడిగితే అయిపోయేది. తలుపు దాకా వెళ్ళాను. ఆమె మూలుగుతోంది. తిరిగి వచ్చేశాను. పైన మూడు చుక్కలు ఉన్నట్టు గుర్తు. దాని కింద ఇంకో వరస మొదలైనట్టు గుర్తు. ముగ్గులో వరసలు సమానంగా ఉండాలని నా వేళ్ళకు తెలుసు. పైన మూడు పెట్టాను, కింద మూడు పెట్టాను. చూడటానికి బాగా అనిపించింది.

సున్నం ఆరేలోపే కళ్ళ ముందు ఆడింది, కింద వరసలో ఉన్నది ఒక్కటే. అప్పటికి ఖాజాబీ వచ్చి పుస్తకం చేతిలో పెట్టి “ఎన్నో దినం అమ్మాయ్?” అని అడిగింది. “ఆరు,” అన్నాను. ఈ ఇంట్లో బయటివాళ్ళతో నేను గట్టిగా మాట్లాడిన మొదటి మాట అదే.

ఈ రోజు పురుగులు ఆకు మానేశాయి. గూడు కట్టే పురుగులైతే మెత్తబడి, ఒళ్ళు పలచనై, తల ఊపుతూ అటూ ఇటూ తిరగాలి. ఇవి తలలెత్తి రాళ్ళలాగా నిలబడ్డాయి. చర్మం బిగిసింది. తల వెనక చిన్న నల్లటి ముక్కోణం కనబడుతోంది. ఆ గుర్తు చర్మం మార్చుకునే జ్వరానిది.

అత్త ఐదారు పురుగులను తడిమి చూసింది. “ఇది జ్వరం కదమ్మే! నాలుగు జ్వరాలు అయిపాయ కదా. ఐదో జ్వరం యాడిది?” అంది. నలభై ఏళ్ళుగా ఈ పని చేస్తున్న మనిషి నన్ను అడిగింది.

నాకు తెలియదన్నాను.

ఆరో వయసు, ఒకటో దినం

ఆరో వయసు అనేది ఎవరి పుస్తకంలోనూ ఉండదు. మా ఇంట్లో వచ్చింది, అందుకే ఇకపై అన్నీ ఈ వెనక పేజీల్లోనే. పురుగులు లేచాయి. ఒక్కొక్కటి నా బొటనవేలి కన్నా లావు. తట్టల్లో పట్టడం లేదు. ఆకు నమిలే చప్పుడు వీధిలోకి వినబడుతోంది.

ఆయన వెళ్ళి ఖాజాబీని పిలుచుకొచ్చాడు. ఆమె ఒక పురుగును దీపం కింద పెట్టి అద్దంతో చూసింది. తర్వాత నేల మీదే కూర్చుని మా ముగ్గురికీ చెప్పింది. నాకు అర్థమైనంత రాస్తున్నాను.

పురుగు మెదడులో రెండు వైపులా రెండేసి నరాల కణాలు ఉంటాయి. అవి ఒక రసం దాచుకుని ఉంటాయి. పైన ఎండలో బతికిన రోజుల్లో పురుగు కడుపు నిండి తగినంత పెరిగాక, పగలూ రాత్రీ లెక్క చూసుకుని, ఆ కణాలు సమయానికి రసం వదిలేవి. ఈ తవ్వకాల్లోకి వచ్చాక పగలు లేదు, రాత్రి లేదు. కణాలకు లెక్క తప్పింది. ఒక పురుగు ఈ రోజు, ఇంకోటి వారం తర్వాత గూడు కట్టేది. అట్లా అయితే తెర అల్లడం కుదరదు. ఇరవై వేలూ ఒకేసారి చట్రం ఎక్కి పలకలాగా అల్లితేనే గాలిబావికి పనికొచ్చే తెర. అందుకని నీలం వెలుగు చూస్తే ఆ కణాలు రసం వదిలే జాతిని గుడ్ల కేంద్రం తయారు చేసింది.

“కణాలు హుకుం ఇస్తాయంతే,” అంది ఖాజాబీ. “హుకుం అందగానే పురుగు ఎదలో గ్రంథి మేలుకుంటాది, జ్వరం రసం ఊరుతాది. అయితే పురుగు ఒంట్లో ఇంకోటి ఉంటాది, లేత రసం. ఐదో వయసులో మెల్లగా తగ్గిపోతాది అది. అది పూర్తిగా పోయినాక హుకుం అందితే పురుగు గూడు కడతాది. అది ఉండంగానే హుకుం అందిందనుకో, మళ్ళీ చర్మం మార్చుకుని పురుగుగానే ఉంటాది. ఎవరో తొందరపడినారు తిప్పమ్మవ్వా. దీపం ముందే వెలిగింది.”

అత్త మొహంలో రక్తం లేదు. “నేనే తల్లీ. చుక్కలు నేనే పెడతా. ఒకే దినం రెండు మార్లు పెట్టింటా. కండ్లు పాయ, ఇప్పుడు మతి గూడా పోతాంది.”

నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. గోడ చల్లగా ఉంది.

ఆరో వయసు, రెండో దినం

ఇంటికి ఐదు వయసులకు సరిపడా ఆకే ఇస్తారు. మాది అయిపోయింది. ఆయన వరసలో ఇల్లిల్లూ తిరిగి ఆకు అడిగాడు. వాళ్ళు గుడ్డల కోసం పెంచే పురుగులు అప్పటికే గూళ్ళు కట్టేశాయి కాబట్టి అడుగూ బొడుగూ మిగిలింది ఇచ్చారు. ఇచ్చేవాళ్ళు ఊరికే ఇస్తారా.

“ఏమ్మే సుంకులూ, మీ పురుగులు గూడు కట్టేది మరిచిపోయి పెళ్ళి భోజనానికి కూర్చున్యాయంటనే?” అంది గంగులమ్మ పక్కింటి నుంచి. “ఏం చేస్తాం లే. మీ అత్తకు చుక్కకూ సున్నకూ తేడా తెలియకపోతే మూడో వరసంతా దగ్గాల్సిందే.” అంటూనే రెండు బుట్టలు నిండా వేసింది. ఆమె మనవరాలికి ఉబ్బసం. మా ఇంటి తెర లేకుండా ఎర్రగాలి మొదలైతే మా గాలిబావి మూసేస్తారు. అరవై ఇళ్ళు వేరే వరసల్లో తలదాచుకోవాలి. మూసేలోపు వచ్చే దుమ్ముకే ఆ పిల్ల తట్టుకోలేదు.

బుట్టలు నెత్తిన పెట్టుకుని వచ్చాను. అవి ఆకు బరువే ఉన్నాయి. నాకే ఎక్కువ అనిపించింది.

ఆరో వయసు, మూడో దినం

అత్త పురుగులను ముట్టడం మానేసింది.

పొద్దున పప్పు చేసి గరిటె నా ముందు పెట్టింది. “ఉప్పు వేసినానో లేదో చూడుమే.” వేసింది, సరిగ్గానే ఉంది. చెప్పాను. “మల్లొకసారి చూడు. నా చేతిని నమ్మొద్దు.” పొయ్యి ఆర్పి మళ్ళీ వెళ్ళి తడిమింది. కొంగు ముడి రెండుసార్లు విప్పి కట్టింది. మధ్యాహ్నం ఆయనతో అంటోంది: “ఒరే, మీ నాయిన పోయిండేది యాసంగిలోనా, వానల్లోనా? చెప్పు. నాకు వానల్లో అని గుర్తు. కాదేమో.”

“వానల్లోనేమా,” అన్నాడాయన.

“నన్ను సముదాయించడానికి చెప్తాండావా?”

నేను ఆ ఒక్క పొద్దు చెరిపింది నాలుగు చుక్కలు అనుకున్నాను. ఆమెలో ఒక్కొక్కటీ చెరిగిపోతోంది.

ఆరో వయసు, నాలుగో దినం

ఖాజాబీ మళ్ళీ వచ్చింది. లేత రసం ఎంత ఉందో చూసే కాగితాలు కేంద్రంలో అయిపోయాయట. ఎర్రగాలి దగ్గరపడి బండ్లు ఆపేశారు, అది తగ్గితే గాని రావు. ఆరో వయసుకు ఎన్ని దినాలో ఎవరికీ లెక్క తెలియదు.

“ముందే వెలిగిస్తే ఏడో వయసు వస్తాది. ఆలస్యమైతే గాలి వచ్చేస్తాది,” అంది. “కాగితం లేకుండా చెప్పగలిగేది ఈ క్వారీలో నీ చెయ్యొక్కటే అవ్వా. ఏడు చుక్కల నాడు వెలిగించాల్నా, ఐదు చుక్కల నాడా? నువ్వే చెప్పాల.”

అత్త రెండు చేతులూ ఒళ్ళో ముడుచుకుంది. “ఈ చెయ్యి పోయిన తూరి ఏం చెప్పిందో తెలుసునా? ఇంగా రెండు దినాలు అనింది. తప్పు చెప్పింది. ఇల్లు ఎవరికైనా రాసిచ్చేయండి తల్లీ. పురుగుల్ని పారబోయండి. నేను చేసేది లేదు.”

ఖాజాబీ చాలాసేపు బతిమాలింది. చివరికి రేపటి దాకా ఆగుతానని, అప్పటికీ చెప్పకపోతే పురుగులను తీసేసి ఇల్లు ఐదో వరస వాళ్ళకు అప్పజెబుతానని చెప్పి వెళ్ళింది.

అత్త చెయ్యి తప్పు చెప్పలేదు. ఇంకా రెండు దినాలు అంది, సరిగ్గా రెండు దినాలే తక్కువ. అది తెలిసిన మనిషి ఈ క్వారీ మొత్తంలో నేనొక్కదాన్నే. ఆకు బుట్ట పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాను. ఆ రోజు లాగే.

ఆరో వయసు, ఐదో దినం

చెప్పాను. నోటితో చెప్పలేకపోయాను. చదివాను.

పొద్దున మూడు మాట్లు ఆమె దగ్గరికి వెళ్ళాను. “అత్తా” అంటాను. “ఏమి కావాల్నే?” అంటుంది. “ఏమీ లేదు” అంటాను. నాలుగోసారి ఈ పుస్తకం తెచ్చుకుని ఆమె ముందు కూర్చుని, తిరగేసి, వెనక పేజీలు మొదటి నుంచి చదివాను. బడిలో పాఠం చదివినట్టు చదివాను, ఎక్కడా ఆగకుండా. ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని తెలుసు. ఆయన లోపలికి వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

అయ్యాక అత్త అడిగింది. “ఎన్నుండె?”

“పైన మూడు. కింద ఒకటి.”

“నాలుగు.” ఆమె వేళ్ళు ముడిచి విప్పింది. “అయితే ఆ పొద్దు ఇంగా రెండు దినాలు అని...”

“నీ చెయ్యి సరిగ్గానే చెప్పిందత్తా.”

“ఒక మాట అడిగింటే పోయేది కదనే,” అన్నాడాయన. “నిన్ను కొట్టేవాళ్ళు ఎవరు ఈ ఇంట్లో?”

అత్త లేచి చేతులు కడుక్కుంది. తట్టల దగ్గరికి వెళ్ళి ఒక పురుగును తీసుకుంది. మెడ కింద నిమిరింది. ఇంకోటి తీసుకుంది. పదో పన్నెండో చూసింది. ఖాజాబీ వచ్చేసరికి ఇంకా తడుముతూనే ఉంది.

“రేపు,” అంది అత్త. “రేపు పొద్దున ఆకు వేసినాక. ముందు కాదు, ఎనక కాదు.”

నేను పెట్టిన అన్నం ముట్టకుండా తనే వండుకుని తింది. ఉప్పు ఎవరినీ అడగలేదు.

ఆరో వయసు, ఆరో దినం

దీపం వెలిగించాము.

పురుగులు తినగా మిగిలిన ఆకు తీసేసి తట్టలు దులుపుతుంటే, అత్త నా వైపు తిరగకుండానే మాట్లాడింది.

“చుక్కలు చెరిపినావని కాదు నా కోపం. చిన్నదానివి, అలవాటు లేదు. నేను కూట్లో ఉప్పును గూడా నమ్మలేకుండా అయిపోతాంటే పక్కనే నిలబడి చూసినావే, దానికి.”

దులిపిన తట్టనే మళ్ళీ దులిపాను.

దీపం తర్వాత రెండో దినం

నిన్నంతా పురుగులు కదలలేదు. నల్ల ముక్కోణం కనబడుతుందేమోనని పూట పూటకూ చూశాను. ఈ రోజు పొద్దున అత్త కేక వేసింది. “ఏమ్మే! రా ఇట్లా. దీపానికి అడ్డం పట్టి చూడు. చర్మంలో నుంచి వెలుగు వస్తాందా?”

వస్తోంది. తేనె రంగులో వస్తోంది. పురుగు మెత్తబడింది. నా మణికట్టు మీద తల ఊపుతూ దారి వెతుక్కుంటోంది, నోటి దగ్గర ఒక సన్నని పోగు.

మధ్యాహ్నానికి అన్నీ చట్రం మీద ఉన్నాయి. అన్నీ అంటే అన్నీ కాదు. ఆకు చాలక మూడు వేల దాకా చచ్చిపోయాయి. వాటిని నేనే ఎత్తి గుంతలో వేశాను.

చట్రం నుంచి తెర దించిన దినం

తెర తయారైంది. ఆరో వయసు పోగు లావుగా ఉండి, మామూలు తెర కన్నా మందంగా వచ్చింది. ఒక మూల మాత్రం పలచన, మూడు వేల పురుగుల మేర. ఆయన అక్కడ పాత తెర ముక్క కుట్టాడు. ఎర్రగాలి రేపు.

తెర మడిచి పెడుతూ ఆయన మెల్లగా అన్నాడు: “ముందు పేజీ ఒక్కటీ చదివి వచ్చేయి. ఆరు చుక్కలు, దీపం, తెర. అంతే. మా అమ్మ కండ్లు ఆననందుకు ఇట్లయిందని అందరూ అనుకుని వదిలేసినారు కదా.”

అత్త వింటోంది. ఆమె చదవమనలేదు, వద్దనలేదు. “రాసినదాని ఇష్టం,” అని పురుగుల గది కడగడానికి పోయింది.

తెర ఎత్తిన దినం

గాలిబావి దగ్గర అరవై ఇళ్ళవాళ్ళు ఉన్నారు. ఖాజాబీ నా పేరు పిలిచింది. ముందు పేజీ చదివాను. అప్పుడు మూసేసి వచ్చేయవచ్చు. పుస్తకం తిరగేశాను.

నా గొంతు నాకే వినబడటం లేదు. గడప కడిగిన చోటికి వచ్చేసరికి గంగులమ్మ వెనక నుంచి అరిచింది: “గట్టిగా చదువుమే, ఏమీ ఇనపడ్ల్యా! గడప ఏమయ్యిందంట?”

మళ్ళీ చదివాను. “చెయ్యి దానంతట అదే గడప కడిగేసింది.”

“ఎవురి చెయ్యి?”

“నాది,” అన్నాను. అది పుస్తకంలో లేదు. “నా చెయ్యి. చుక్కలు నాలుగు ఉన్నాయి. నేను ఆరు పెట్టాను. మా అత్త చేతి తప్పు ఏమీ లేదు.”

చాలామంది చాలా అన్నారు. ఆకు ఇచ్చినవాళ్ళు ఎక్కువ అన్నారు, వాళ్ళకు ఆ హక్కు ఉంది. అన్నీ నిలబడి విన్నాను. గంగులమ్మ మాత్రం నన్ను ఏమీ అనకుండా మనవరాలిని ఎత్తుకుని అత్త దగ్గరికి వెళ్ళి, “అక్కా, ఆ పొద్దు నోరు జారినా,” అంది. తెర పైకి వెళ్ళింది. సాయంత్రానికి బయట గాలి మొదలైంది. పలచన మూల ఉబ్బి, కుట్టు బిగిసి, ఆగింది. ఆ మూల వైపు చూడకుండా నేను ఆ దారిన నడవలేను.

కొత్త గుడ్లు, రెండో వయసు, ఒకటో దినం

కొత్త పురుగులు మొదటి జ్వరం నుంచి లేచాయి. అత్త సున్నం గిన్నె తెచ్చి నా ముందు పెట్టింది. “పెట్టు,” అంది.

“నేనా?”

“మరెవురు? నా మోకాలు వంగదు.”

ఒక చుక్క పెట్టాను. ఆరే దాకా ఇద్దరం గడప దగ్గరే కూర్చున్నాం. అప్పుడు ఆమె వంగి వేలితో తడిమింది. పక్కన కూడా తడిమింది, పైన, కింద, ఇంకా ఏమైనా ఉన్నాయేమోనని. మోకాలు వంగింది.

“ఒకటేనా?” అంది.

“ఒకటే అత్తా.”

“నా వేలికి గూడా ఒకటే తగుల్తాంది,” అంది. “రాసుకో.”